డ్యూటీ చేస్తూ డిగ్రీ చదవడం అవుతుందా అని అడిగావు కదా

అమ్మలూ,

పోలీసు ఉద్యోగం వస్తే చదువు మానేయాలా, లేకపోతే డిగ్రీ అయ్యేదాకా ఉద్యోగం మాటే ఎత్తొద్దా అని మొన్న ఫోన్లో అడిగావు, అప్పుడు హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే కూర్చుని రాస్తున్నా. రెండూ చెయ్యి. నేనూ డ్యూటీలో చేరాకే సాయంత్రం కాలేజీలో డిగ్రీ కట్టా, మూడేళ్ళ చదువుకి అయిదేళ్ళు పట్టింది, అయినా ఒక్కరోజు కూడా దండగ అనిపించలేదు.

ట్రైనింగ్ నడిచినన్నాళ్ళు మాత్రం ఒక్క పేపరు కూడా పెట్టుకోకు. పొద్దున పరుగు, డ్రిల్లు, ఆ తర్వాత చట్టాల క్లాసులు, రాత్రికి ఒళ్ళు హూనం. బయటికొచ్చి షిఫ్టులు అలవాటయ్యాక ఒకటో రెండో పేపర్లతో మొదలెట్టు. పరీక్షల తేదీలు రాగానే కాగితం మీద రాసి పై ఆఫీసర్ చేతికియ్యి, నోటిమాటగా చెప్తే వంద పనుల్లో ఆయనకి గుర్తుండదు. తోటివాళ్ళ సెలవురోజు డ్యూటీలు ముందే నువ్వు చేసిపెడుతూ ఉండు, పరీక్ష రోజు వాళ్ళే నీ బదులు నిలబడతారు.

నేరాల గురించి చెప్పే క్రిమినాలజీయే తీసుకోవాలా అన్నావు, అక్కర్లేదురా. సైకాలజీ, అకౌంట్స్, కంప్యూటర్స్, ఇంకో భాష, ఏదైనా పనికొస్తుంది. కానీ రాయడం నేర్పే పేపరు ఉంటే మాత్రం వదలకు. చేరిన రెండో ఏడు కోర్టులో సాక్ష్యం చెప్పడానికి బోనెక్కా, నోట్‌బుక్‌లో "అనుమానాస్పదంగా తిరుగుతున్నాడు" అని రాసుకున్నా. అనుమానాస్పదంగా అంటే ఏం చేశాడండీ అని అవతలి లాయరు నెమ్మదిగా అడిగాడు. నాలుక పిడచకట్టుకుపోయింది, ఏమీ గుర్తు రాలేదు. "ఆగి ఉన్న మూడు కార్ల తలుపులు ఒకదాని తర్వాత ఒకటి లాగి చూశాడు" అని టైముతో సహా రాసుకోవాల్సింది. తర్వాత కాలేజీలో మేడమ్ నా వ్యాసంలో ఇలాంటి మాటలన్నీ ఎర్రపెన్నుతో కొట్టేసి పక్కన "నువ్వు చూసిందేంటి?" అని రాశారు, ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

నిద్ర దగ్గర మొండికెయ్యకు. 17 గంటలు మెలకువగా ఉంటే మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఒక పరిశోధనలో తేలింది. నైట్ దిగి నేరుగా పరీక్ష రాసి తిరిగొస్తుంటే బండి మీద నాకు కునుకు పట్టింది, చక్రం పక్కన మట్టిలోకి దిగి హ్యాండిల్ ఊగిపోతే అప్పుడు కళ్ళు తెరిచా. నైట్ మర్నాడు పరీక్ష ఉంటే డ్యూటీ మార్పించుకో, కుదరకపోతే ఆ పేపరు వదిలెయ్.

అప్లికేషన్‌లో ఏదీ దాచకు. పాత ట్రాఫిక్ ఫైన్ ఉంటే ఉందని రాయి, ఫైన్ వల్ల పోని ఉద్యోగం దాచినందుకు పోతుంది, ఒకవేళ నిలిచినా రేపు కోర్టులో నీ మాట నమ్మొద్దని ఏ లాయరైనా దాన్నే పట్టుకుంటాడు.

పోలీసుకి డిగ్రీ ఎందుకు అని స్టేషన్లోనే అంటారు, బాధపడకు. అమెరికాలో బర్క్‌లీ పోలీసు చీఫ్ ఆగస్ట్ వోల్మర్ కాలేజీ కుర్రాళ్ళని ఏరికోరి పోలీసుల్లోకి తీసుకున్నాడు, 1916లో అక్కడి యూనివర్సిటీలో పోలీసు చదువు మొదలుపెట్టించాడు, ఆయన బడి చదువు ప్రాథమిక స్థాయి దాటలేదు మరి.

ఈ వారంలో కాలేజీ ఆఫీసుకెళ్ళి రెండు సంగతులు కనుక్కో: మిస్సయిన క్లాసుల రికార్డింగ్ ఇస్తారా, పోలీసు ట్రైనింగ్‌కి క్రెడిట్స్, అంటే డిగ్రీలో లెక్కకొచ్చే పాయింట్లు, కలుపుతారా. కొన్నిచోట్ల కలుపుతారు. ఏమన్నారో రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న