క్లాసులో 12 మందే... ఇదేం కాలేజీ అంటున్నారు నాన్న

ప్రశ్న: ఆంటీ, నమస్తే. మేం న్యూజెర్సీలో ఉంటాం. నేను ఎనిమిదో క్లాసులో ఉండగా ఇక్కడికి వచ్చాం, ఇప్పుడు ట్వెల్త్ గ్రేడ్‌లో ఉన్నాను. మొన్న పెన్సిల్వేనియాలో ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ (సైన్సూ హ్యుమానిటీసూ అన్నీ కలిపి చెప్పే, ముఖ్యంగా డిగ్రీ పిల్లల కోసమే ఉండే కాలేజీ) చూసొచ్చాం. మొత్తం 1,700 మంది స్టూడెంట్లట, మా హైస్కూల్లోనే అంతకంటే ఎక్కువమందిమి ఉన్నాం. క్యాంపస్ ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే పావుగంట కూడా పట్టలేదు. మమ్మల్ని తిప్పి చూపించిన అమ్మాయికి దారిలో ఎదురైన ప్రతివాళ్లూ తెలుసు. నన్ను ఒక బయాలజీ క్లాసులో కూర్చోనిచ్చారు, అందులో 12 మందే ఉన్నారు. మధ్యలో ప్రొఫెసర్ నా వైపు తిరిగి "నీకేమనిపిస్తోంది?" అని అడిగేసరికి టెన్షన్‌తో ఏదో చెప్పేశాను. ఆవిడ నవ్వి ఊరుకోకుండా నేను చెప్పింది బోర్డు మీద రాసి, తప్పెక్కడుందో మిగతావాళ్లని అడిగారు. ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన. అమ్మకేమో అక్కడి నిశ్శబ్దం నచ్చలేదు. నాన్న "ఆర్ట్స్ కాలేజీకి ఇంత డబ్బా, పేరు కూడా ఎవరికీ తెలీదు, హాయిగా స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదువు" అంటున్నారు. నాకు బయాలజీ, కంప్యూటర్ సైన్స్ రెండూ కావాలి. నవంబర్‌లో ఎర్లీ డెసిషన్ కింద, అంటే సీటొస్తే చేరతానని ముందే ఒప్పుకుని, అప్లై చేస్తే మంచిదని ఆ అమ్మాయి చెప్పింది. ఒక్కరోజు చూసి ఇంత ఇష్టపడటం తొందరపాటా?

- పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ బోర్డు సంగతి నేను రెండుసార్లు చదివాను. చెట్లూ భవనాలూ చూసి మనసు పారేసుకుని ఉంటే ఆగమనేదాన్ని, కానీ నీకు నచ్చింది ఒక క్లాసు, అందులోనూ నీ తప్పుని అందరూ కలిసి పరిశీలించిన క్షణం. అది చిన్న విషయం కాదు. ఇలాంటి కాలేజీల్లో చదువంటే ముఖ్యంగా అదే. ఇలాంటిదే అయిన విలియమ్స్ కాలేజీలో ట్యుటోరియల్ అని ఒక పద్ధతి ఉంది, ఇద్దరు స్టూడెంట్లు, ఒక ప్రొఫెసర్, అంతే. ఒక వారం ఒకరు వ్యాసం రాసుకొస్తే రెండోవాళ్లు దాన్ని విమర్శిస్తారు, మరుసటి వారం అటుదిటు. చదవకుండా వెళ్లి వెనక బెంచీలో కూర్చుందామంటే వెనక బెంచీయే ఉండదు. ప్రతి వారం, నాలుగేళ్లపాటు, అలా నలుగురిలో బయటపడటానికి నువ్వు సిద్ధమేనా అనేది నిజాయితీగా ఆలోచించు. కొందరు పిల్లలకి అది ప్రాణం పోసినట్టుంటుంది, కొందరు తెలివైనవాళ్లే అయినా నలిగిపోతారు.

నాన్నగారికి 'ఆర్ట్స్' అన్న మాట దగ్గర అడ్డం పడింది. మన ఇంటర్మీడియట్ ఆర్ట్స్ గ్రూపుకీ దీనికీ సంబంధం లేదు. యూరప్‌లో పాతకాలం నుంచి ఈ పేరు కింద లెక్కలు, జామెట్రీ, ఖగోళశాస్త్రం కూడా ఉండేవి. జీన్ ఎడిటింగ్‌కి 2020లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా డిగ్రీ చదివింది కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీలో. ఇంటెల్ స్థాపించిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ నాయిస్ చదివింది అయోవాలో ఒక చిన్న ఊరి కాలేజీ, గ్రిన్నెల్‌లో. స్వార్త్‌మోర్ అనే ఇలాంటి కాలేజీలో అయితే ఇంజినీరింగ్ డిగ్రీ కూడా ఇస్తారు. పైగా ఇలాంటి కాలేజీల్లో పీహెచ్‌డీ చేసే స్టూడెంట్లు దాదాపు ఉండరు కాబట్టి ల్యాబ్‌లో ప్రొఫెసర్ పక్కన పని చేసే అవకాశం డిగ్రీ పిల్లలకే వస్తుంది. అయితే పేరు గురించి ఆయన బెంగ ఉత్తదేం కాదు. పెద్ద యూనివర్సిటీకి కంపెనీలు వరసకట్టి వస్తాయి, చిన్న కాలేజీలో ఇంటర్న్‌షిప్ కోసం పాత విద్యార్థులకి నువ్వే మెయిల్ రాసుకోవాల్సి రావచ్చు, ఆ పని నీకు చేతనవునా కాదా అన్నది ఇంట్లో మాట్లాడుకోవాల్సిన విషయమే.

నాకు అసలు భయం వేరే చోట ఉంది, దాని గురించి మీ ముగ్గురిలో ఎవరూ అడగలేదు. చిన్న కాలేజీ అంటే చిన్న డిపార్ట్‌మెంట్. నేను కొన్నేళ్లు అలాంటి ఒక కాలేజీలో పాఠాలు చెప్పాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఐదుగురం. ఒకరు ఉద్యోగం మానేశారు, అదే ఏడాది ఇంకొకరు సబాటికల్ (ప్రొఫెసర్లకి పరిశోధన కోసం ఇచ్చే పెద్ద సెలవు) మీద వెళ్లారు, దాంతో ఒక ముఖ్యమైన కోర్సు రెండేళ్లపాటు చెప్పేవాళ్లే లేకపోయారు. కేటలాగ్‌లో మాత్రం అది అందంగా అచ్చయ్యే ఉంది! దానికోసమే మా కాలేజీకి వచ్చిన ఒక అమ్మాయి ఆ కోర్సు లేకుండానే డిగ్రీ తీసుకుంది, నా గదిలో కూర్చుని ఏడ్చింది కూడా. అందుకే చెప్తున్నా, కేటలాగ్ చూడకు. గత నాలుగు సెమిస్టర్లలో నిజంగా నడిచిన క్లాసుల టైమ్‌టేబుల్ దొరుకుతుందేమో వెతుకు, దొరక్కపోతే డిపార్ట్‌మెంట్‌కి రాసి అడుగు. కంప్యూటర్ సైన్స్‌లో శాశ్వతంగా పనిచేసేవాళ్లు ఎంతమందో, వాళ్లలో వచ్చే ఏడాది సెలవులో ఉండేవాళ్లు ఎవరో కనుక్కో. ఆ సబ్జెక్టుకి ఇప్పుడు గిరాకీ ఎక్కువ కదా, అది మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) కాని వాళ్లకి క్లాసుల్లో సీటు దొరుకుతోందా, రెండు మేజర్లూ నాలుగేళ్లలో పూర్తి చేసినవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉన్నారా, ఇవన్నీ మూడో ఏడాది పిల్లల్ని అడుగు. క్యాంపస్ చూపించిన అమ్మాయిని అడగొద్దు, పాపం తను కాలేజీ తరఫున మాట్లాడుతుంది.

పక్క కాలేజీల్లో కోర్సులు తీసుకోవచ్చని వాళ్లు చెప్పే ఉంటారు. స్వార్త్‌మోర్, హేవర్‌ఫర్డ్, బ్రిన్ మార్ మధ్య అలాంటి ఏర్పాటు ఉంది. కాలిఫోర్నియాలో క్లేర్‌మాంట్ కాలేజీలు ఐదూ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి కాబట్టి నడిచే వెళ్లొచ్చు. బస్సెక్కి వెళ్లాల్సిన చోట మాత్రం, ఒక గంట క్లాసు కోసం మధ్యాహ్నమంతా ఖర్చవుతుంది, ల్యాబ్ ఉన్న రోజైతే కుదరనే కుదరదు. "మీ స్టూడెంట్లలో ఎంతమంది నిజంగా వెళ్తున్నారు?" అని ఆ కాలేజీవాళ్లని అడిగితే సంగతి తెలిసిపోతుంది.

అమ్మకి నచ్చని ఆ నిశ్శబ్దం నీకెలా ఉంటుందో తెలియాలంటే మళ్లీ వెళ్లాలి, ఈసారి అమ్మానాన్నలు లేకుండా, సెమిస్టర్ మధ్యలో మామూలు గురువారం. రాత్రి హాస్టల్లో ఉండనిస్తారేమో అడుగు, చాలా కాలేజీలు ట్వెల్త్ వాళ్లని ఉండనిస్తాయి. 1,700 మందిలో స్నేహం చెడితే ఆ మనిషి రోజూ భోజనాల దగ్గర ఎదురవుతుంది, అది కూడా చూసుకోవాల్సిందే.

ఇంకోటి, కాలేజీ ఆర్థికంగా ఎలా ఉందో తెలుసుకో. న్యూయార్క్ రాష్ట్రంలో 1868 నాటి వెల్స్ కాలేజీ 2024 ఏప్రిల్‌లో చెప్పి, ఆ సెమిస్టర్‌తోనే మూసేసింది. పిల్లలు ఉన్నపళంగా వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. నువ్వు చూసినదానికి ఎండోమెంట్ (విరాళాలతో కూడబెట్టిన మూలనిధి) ఎంత, గత ఐదేళ్లలో చేరేవాళ్లు పెరిగారా తగ్గారా అన్నది నాన్నగారికి అప్పజెప్పు.

ఎర్లీ డెసిషన్ సంగతికి వస్తే, సీటొస్తే చేరి తీరాలి, మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకోవాలి. ఇచ్చిన ఎయిడ్ (ఫీజుకి కాలేజీ, ప్రభుత్వం చేసే ఆర్థిక సాయం) చాలకపోతే తప్ప తప్పుకోవడానికి ఉండదు. మీది గ్రీన్‌కార్డా, హెచ్4 వీసానా (హెచ్1బీ లాంటి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చేది) నువ్వు రాయలేదు. హెచ్4 అయితే నువ్వు ఎన్నేళ్లుగా ఇక్కడ చదువుతున్నా ఫెడరల్ ఎయిడ్ రాదు, ఎయిడ్ విషయంలో చాలా కాలేజీలు నిన్ను ఇంటర్నేషనల్ స్టూడెంట్‌గానే లెక్కేస్తాయి. ఆంహర్స్ట్ లాంటి కొన్ని కాలేజీలు మాత్రం ఇంటర్నేషనల్ వాళ్ల విషయంలో కూడా ఎయిడ్ అవసరమా లేదా అన్నది చూడకుండానే సీటు ఇస్తాయి. కాబట్టి కాలేజీ వెబ్‌సైట్‌లోని నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (ఎయిడ్ పోను మీరు కట్టాల్సింది ఎంతో అంచనా వేసేది) చూపించే అంకె మీకు వర్తిస్తుందా లేదా అని ఎయిడ్ ఆఫీసుకి మెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకో. ఎర్లీ డెసిషన్ ఒప్పందం మీద నీ సంతకంతోపాటు స్కూల్ కౌన్సెలర్‌దీ, నాన్నదో అమ్మదో సంతకం కూడా కావాలి, అందుకని ఆ కాలిక్యులేటర్ ముందు నాన్నగారిని నీ పక్కనే కూర్చోబెట్టుకుని లెక్క చెయ్యి.