ముందు పదో తరగతిని కాదు, అటెండెన్స్ రిజిస్టర్‌ని చూడండి

"కొత్తగా హెచ్ఎంగా (హెడ్మాస్టర్‌గా) వచ్చాను, పదో తరగతి రిజల్ట్స్‌లో మా బడి మండలంలోనే అడుగున ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని మీరు అడిగారు. కర్నూలు జిల్లాలో కర్ణాటక సరిహద్దు దగ్గర, కోసిగి వైపు జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. అక్కడ చూసిందే రాస్తున్నా.

స్పెషల్ క్లాసులు తర్వాత. ముందు పోయినేడాది అటెండెన్స్ రిజిస్టర్లు తీసి, ఏ నెలలో ఎవరు మాయమయ్యారో చూడండి. మా దగ్గర పత్తి తీతలప్పుడే బెంచీలు ఖాళీ అయ్యేవి. సంక్రాంతి దాటితే ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరప కోతలకు, సుగ్గికి (పనులకు వలస) పోయేవాళ్లు. తిరిగొచ్చేది ఉగాదికి. పరీక్షలేమో మార్చిలో. ఇంక ఎన్ని గైడ్లు పంచితే ఏం లాభం?

సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి పథకం కింద, అమ్మానాన్నలు వలస పోతే పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సీజనల్ హాస్టళ్లు ఉంటాయి. వలస మొదలయ్యాక కాదు, దసరాకు ముందే పేర్లు రాసుకుని ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి వెంటపడండి. హాస్టల్ వచ్చినంత మాత్రాన పిల్లలు ఆగిపోరు. ఓ తొమ్మిదో తరగతి పాప కోసం ఇంటికి పోతే వాళ్లమ్మ, "ఇది బడికొస్తే చిన్నదాన్ని ఎవరెత్తుకోవల్ల సార్?" అంది. ఆమె అడిగిందీ న్యాయమే. చిన్నదాన్ని అవ్వ దగ్గర వదిలి, పగలు అంగన్‌వాడీకి పంపేలా ఒప్పిస్తేనే పెద్దది బళ్లో నిలిచింది. ఇలాంటి మాటలు పదకొండు గంటల పేరెంట్స్ మీటింగ్‌లో తేలవు. పొలం నుంచి వచ్చాక, రాత్రి రచ్చకట్ట దగ్గర తేలతాయి.

రెండోది చదవడం. ఎనిమిదో తరగతిలో ఒక్కొక్కరినీ లేపి తెలుగు వాచకంలో ఒక పేరా చదివించండి. మావాడొకడు వడ్డీ లెక్కలో "శాతం చొప్పున" దగ్గరే ఆగిపోయేవాడు. నేను చదివి వినిపిస్తే నోటితోనే జవాబు చెప్పేవాడు. వాడికి రానిది లెక్క కాదు, ఒత్తులు. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలకు ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. రోజూ మొదటి అరగంట, తరగతితో పని లేకుండా చదివే స్థాయిని బట్టి గుంపులు చేశాం. సిలబస్ ఏం కావాలని స్టాఫ్ గొణిగారు. అక్షరాలు కూడా రాని గుంపును మా హెచ్ఎం గారే తీసుకుని కూర్చునేసరికి ఎవరూ నోరెత్తలేదు.

బడుల మరమ్మతుల పథకం నాడు-నేడులో బాత్రూములు కట్టారు సరే, నీళ్లొస్తున్నాయా? ఆడపిల్లల హాజరు సగం దాని మీదే ఆధారపడుతుంది.

ఈ ఏడాది పదో తరగతి వాళ్లకు మాత్రం ఎవరు ఏ సబ్జెక్టులో పాస్ మార్కులు తెచ్చుకోవడం లేదో పట్టీ రాసుకుని, ఆ ఒకటి రెండు సబ్జెక్టులే పట్టుకోండి. రిజల్ట్ ఒక్క ఏడాదిలో మారకపోవచ్చు, డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు మీటింగ్‌లో నాలుగు మాటలు పడాల్సి రావచ్చు కూడా. మీ బళ్లో కన్నడ మీడియం సెక్షన్ కూడా ఉందా? ఉంటే చెప్పండి, అది వేరే సంగతి.