మొక్కు మీది, విశ్వాసం ఆమెది

ప్రశ్న: మాది గుంటూరు మేత్రాసనంలోని (బిషప్ గారి పరిధిలోని) ఒక పల్లె. తాతల కాలం నుంచీ కతోలికులం. మా వారు విచారణ సంఘంలో, అంటే మా గుడి (పారిష్) పెద్దల సంఘంలో సభ్యులు. మా అమ్మాయికి ఇరవై ఏళ్లు. హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచి గుడిలో గాయక బృందంలో పాడింది, ఇంటర్ రోజుల్లో పిల్లలకు సత్యోపదేశం (మత బోధ) కూడా చెప్పింది. ఏడాదిగా ఆదివారం పూజకు వెళ్లడం లేదని ఈ మధ్యనే తెలిసింది. క్రిస్మస్‌కు ఇంటికి వచ్చి కూడా రాత్రి పూజకు రానంది. గట్టిగా అడిగితే, దేవుడు ఉన్నాడో లేడో తనకు తెలియడం లేదనీ, ఉన్నా మన గుడిలో మాత్రం లేడనీ అంది. అంతకు ముందు ఏడు మా ఊరి పండుగ పూజలో బైబిలు పఠనం చదవడానికి సిద్ధమైన తన స్నేహితురాలిని చివరి నిమిషంలో తప్పించి మరో పిల్లతో చదివించారు. ఆ అమ్మాయి వాళ్లది కింది పేట. అప్పటి నుంచి మా పిల్ల ముభావంగా ఉంది గానీ, అంత చిన్న విషయానికి ఎవరైనా దేవుణ్ణి వదులుకుంటారా? మా వారు దానితో మాట్లాడటం మానేశారు. పూజకు వెళ్లకపోతే ఫీజు కట్టననీ, చదువు మాన్పించి మన కతోలికుల్లో సంబంధం చూసి పెళ్లి చేసేస్తాననీ అంటున్నారు. ఫిబ్రవరి ఉత్సవాలకు అమ్మాయిని గుణదల మరియమాత కొండకు కాలినడకన తీసుకొస్తానని నేను మొక్కుకున్నాను. అది రానంటోంది. మా విచారణ గురువుల (పారిష్ ఫాదర్) చేత ఫోను చేయించి గట్టిగా మందలించమంటే దారికి వస్తుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మీరు ‘అంత చిన్న విషయం’ అని ఒక్క మాటతో దాటేసిన సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. మిగిలినవన్నీ, అంటే పూజ మానడం, క్రిస్మస్ రాత్రి మొండితనం, దేవుడు ఉన్నాడో లేడో అన్న మాట, ఆ తర్వాత వచ్చినవి. క్రీస్తులో యూదుడని, గ్రీకువాడని, దాసుడని, స్వతంత్రుడని భేదం లేదని పౌలు గలతీయులకు రాసిన మాటను సత్యోపదేశం తరగతిలో మీ అమ్మాయే పిల్లలకు చెప్పి ఉంటుంది. ఆ మాట చదివే పీఠం దగ్గరే తన స్నేహితురాలిని పేటను బట్టి పక్కన పెట్టడం ఆమె చూసింది. అంతకన్నా ఎక్కువగా, చుట్టూ ఉన్న పెద్దలెవరూ నోరు విప్పకపోవడం చూసింది. ఆ పెద్దల్లో విచారణ సంఘ సభ్యుడైన తన తండ్రి కూడా ఉన్నాడన్నది మీరు రాయలేదు, కానీ ఆమె మరిచిపోయి ఉండదు.

దీన్నంతా ఒక పిల్ల అతిగా బాధపడటం అనుకోవద్దు. అంటరానితనం ఘోరమైన సామాజిక పాపమని మన దేశపు కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్యే 2016లో దళితుల సాధికారత కోసం వెలువరించిన విధాన పత్రంలో ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు మన దేశపు తొలి దళిత కార్డినల్ అయినప్పుడు తెలుగు కతోలికులమంతా గర్వపడ్డాం, ఫ్లెక్సీలు కట్టుకున్నాం. ఆ గర్వం పండుగనాడు పఠనం ఎవరు చదవాలన్న దగ్గర నిలబడకపోతే, దాన్ని అందరికన్నా ముందు పసిగట్టేది పిల్లలే. మీ అమ్మాయి కోపంలో నాకు విశ్వాసరాహిత్యం కన్నా, నేర్చుకున్నదాన్ని నిజమని నమ్మిన మనసే ఎక్కువగా కనిపిస్తోంది.

అయితే ఆమెది కేవలం కోపమేనని, క్షమాపణ చెబితే మళ్లీ గాయక బృందంలో నిలబడుతుందని మిమ్మల్ని ఊరించను. ఇరవై ఏళ్ల వయసులో, ఇల్లు విడిచి వెళ్లి, ఏ నమ్మకమూ లేకుండానే మంచిగా బతికే స్నేహితులను చూసినప్పుడు, దేవుడున్నాడా అన్న ప్రశ్న నిజాయితీగానే పుట్టవచ్చు. గుడిలో తగిలిన దెబ్బ ఆ ప్రశ్నకు బలం ఇచ్చి ఉంటుంది, అంతే. ఈ రెండూ కలిసి ఉన్నప్పుడు దెబ్బను పట్టించుకోకుండా ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పబోతే, ఎంత చక్కటి జవాబైనా ఆమె చెవికి ఎక్కదు.

ఇప్పుడు మీరు అడిగిన ఫోను సంగతి. మీరు పునీత మోనికమ్మకు ప్రార్థించే ఉంటారు కాబట్టి ఆమె కథలో మన ప్రసంగాలలో అంతగా వినిపించని భాగం ఒకటి చెబుతాను. కొడుకు అగుస్తీను మానీ అనే బోధకుడి మతంలో చేరినప్పుడు మోనికమ్మ మొదట అతణ్ణి తన ఇంట్లో, తన బల్ల దగ్గర ఉండనివ్వడానికి ఇష్టపడలేదు. తర్వాత మనసు మార్చుకుని రానిచ్చింది. ఆపైన ఒక పీఠాధిపతి దగ్గరకు వెళ్లి, మా వాడితో వాదించి తప్పు తెలియజెప్పండి అని వేడుకుంది. అంటే మీరిప్పుడు అనుకుంటున్నదే. ఆయన ఒప్పుకోలేదు. అతను ఇప్పుడు వినే స్థితిలో లేడు, వదిలేయండి, అతని కోసం ప్రార్థించండి, చదివి చదివి తానే తెలుసుకుంటాడు అన్నాడు. చిన్నతనంలో తన తల్లి తనను కూడా ఆ మతస్థులకే అప్పగించిందనీ, ఎవరూ వాదించకుండానే తాను బయటపడ్డాననీ చెప్పాడు. అయినా ఆమె ఏడుస్తూ పట్టుబట్టేసరికి విసుగెత్తి, ఇంత కన్నీటికి కారణమైన కొడుకు నశించడులే, వెళ్లమ్మా అన్నాడు. మనవాళ్లు ఈ చివరి మాటనే పట్టుకున్నారు. నాకు మాత్రం అంతకు ముందు ఆయన వాదనకు వెళ్లనని చెప్పడమే పెద్ద సంగతిగా తోస్తుంది. అగుస్తీను జ్ఞానస్నానం పొందింది 387లో, మిలాన్‌లో, అక్కడి పీఠాధిపతి పునీత అంబ్రోసు చేతుల మీదుగా. ఆ అంబ్రోసును తాను మొదట అభిమానించింది సత్యాన్ని బోధించేవాడని కాదనీ, తనను దయగా చూసిన మనిషి అనీ అగుస్తీనే రాసుకున్నాడు.

కాబట్టి విచారణ గురువుల చేత మందలింపు ఫోను చేయించవద్దు. ఆయన మంచివారే కావచ్చు, కానీ ఆ పండుగ పూజ ఆయన విచారణలోనే జరిగింది. ఆయన గొంతు విన్న మరుక్షణం మీ అమ్మాయికి ఆ రోజే గుర్తుకొస్తుంది. ఆయనతో మాట్లాడవలసిన పని మీకు వేరే ఉంది, దాని గురించి కింద చెబుతాను.

ముందు మీ వారి బెదిరింపు. ఆదివారం దివ్యబలిలో (పూజలో) పాల్గొనడం కతోలికులకు విధి, ఆ విధిని తేలిక చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కానీ ఆ విధికి ఫీజును తాకట్టు పెట్టే అధికారం తండ్రికి ఎవరూ ఇవ్వలేదు. ఎవరినీ వారి మనస్సాక్షికి విరుద్ధంగా కతోలిక విశ్వాసాన్ని స్వీకరించమని బలవంతపెట్టడం ఎన్నటికీ తగదని శ్రీసభ (కతోలిక సంఘం) చట్టమే చెబుతోంది. పెళ్లి సంగతి ఇంకా తీవ్రమైనది. బలవంతం చేత గానీ, బయటి నుంచి వచ్చిన తీవ్రమైన భయం చేత గానీ చేసుకున్న వివాహం చెల్లదని అదే చట్టంలో ఉంది. అంటే మీ వారు ఆమె విశ్వాసాన్ని కాపాడాలని తలపెట్టిన పని, శ్రీసభ దృష్టిలో అసలు దివ్యసంస్కారమే కాకుండా పోవచ్చు. ఒకవేళ భయపడి ఆమె మళ్లీ పూజకు వెళ్లినా, వెళ్లినట్టు ఒక ఫొటో పంపడం తప్ప మీకు మిగిలేది ఏమీ ఉండదు. హైదరాబాదులో చదివే పిల్లలు గుడి ముందు నిలబడి ఫొటో తీసి ఇంటికి పంపి, అటు నుంచి అటే టిఫిను చేయడానికి వెళ్లడం నేను ఎరిగినదే.

గుణదల మొక్కు గురించి మీ మనసులో భయం ఉన్నట్టుంది, తీరకపోతే కీడు జరుగుతుందేమోనని. మొక్కు దాని స్వభావాన్ని బట్టి మొక్కుకున్నవారినే కట్టిపడేస్తుంది తప్ప మరొకరిని కాదు. ఇది నా సొంత మాట కాదు, శ్రీసభ చట్టంలో ఉన్నదే. మీ అమ్మాయి నడకను మాతకు మీరు మాట ఇవ్వలేరు, మీ నడకను ఇవ్వగలరు. అలాంటి మొక్కును దానికి సమానమైన, లేదా అంతకన్నా మంచిదైన మరో పనిగా మార్చుకునే వీలు మీకే ఉంది. న్యాయమైన కారణం ఉంటే దాని నుంచి విడుదల ఇచ్చే అధికారం విచారణ గురువులకు కూడా ఉంది, కాబట్టి భయంగా ఉంటే వెళ్లి అడగండి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఒక రోజు మీరు మీ స్నేహితురాళ్లతో కలిసి నడిచి వెళ్లిరండి. వెళ్తున్నట్టు అమ్మాయికి చెప్పండి, రమ్మనవద్దు. కొండ మీద నుంచి ఏడుస్తూ వీడియో కాలు అసలే వద్దు.

ఇంట్లో జరిగే చిన్న చిన్న సంగతులు కొన్ని చెప్పాలి, ఎందుకంటే పిల్లల మనసు విరిగేది ఎక్కువగా వీటి దగ్గరే. రాత్రి జపమాల మానవద్దు, ఆమె ఇంట్లో ఉన్నప్పుడు కూడా. అయితే ఆమె పక్క గదిలో ఉండగా గొంతు పెంచి దారి తప్పిన బిడ్డల కోసం విన్నపాలు చేయడం ప్రార్థన కాదు, దెప్పిపొడుపు. భోజనానికి ముందు ప్రార్థనలో ఆమె కళ్లు మూసుకుందో లేదో చూడవద్దు. హాస్టల్ వార్డెన్‌నో, తెలిసిన సిస్టర్‌నో పట్టుకుని ఆమె ఎక్కడికి వెళ్తోందో ఆరా తీయించవద్దు, ఎందుకంటే అది తెలిసిన రోజున ఆ సిస్టర్ కూడా ఆమెకు పనికిరాని మనిషి అయిపోతుంది. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి ఎన్నాళ్లయిందని అడగవద్దు.

మీరు మాట్లాడవలసింది వేరే ఉంది. ఒక సాయంత్రం మీరు ఒక్కరే ఫోను చేసి ఇలా అనండి: ‘ఆ రోజు నీ స్నేహితురాలికి జరిగింది చిన్న విషయం అనుకున్నాను, నేను పొరపడ్డాను, ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పు.’ ఆమె చెబుతున్నంతసేపూ ‘అయినా పూజకు’ అన్న మాట మీ నోట రాకూడదు. ఆమె కఠినంగా మాట్లాడవచ్చు, మీ వారిని, గురువులను, ఊరిని తిట్టవచ్చు. విని ఊరుకోండి. ఆమె సరిగా తినడం లేదని, నిద్రపోవడం లేదని, స్నేహితులకు కూడా దూరమైందని ఆ మాటల్లో మీకు తోస్తే మాత్రం అది విశ్వాసం సంగతి కాదు, మనసు ఆరోగ్యం సంగతి. అప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఆమె గానీ మీరు గానీ ఫోను చేయవచ్చు, ఖర్చు ఉండదు, తెలుగులో మాట్లాడతారు.

విచారణ గురువుల దగ్గరకు మీరు, మీ వారు కలిసి వెళ్లవలసింది మందలింపు కోసం కాదు, ఆ పండుగ సంగతి కోసం. పఠనం చదివేవారి జాబితా అన్ని పేటల పిల్లలకూ వంతు వచ్చేటట్టు రాసి, ముందుగానే గుడి గోడకు అంటించమని, తేరు ఖర్చు ఎవరు పెట్టుకున్నా ఆ జాబితా మారకూడదని విచారణ సంఘంలో మీ వారే ప్రతిపాదించాలి. ఇద్దరూ కింది పేటకు, ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి, ఆ రోజు మేము మాట్లాడి ఉండవలసింది, మాట్లాడలేదు అని చెప్పి రావాలి. మీ అమ్మాయిని తిరిగి రప్పించే ఎత్తుగా దీన్ని చేయవద్దు. ఆమె ఎప్పటికీ గుడికి రాకపోయినా ఆ ఇంటికి మీరు వెళ్లవలసిందే.

ఊళ్లలో యువత సంఘాల గురించి కూడా ఒక మాట అనకుండా ఉండలేను. పందిరి వేయడానికి, నక్షత్రాలు కట్టడానికి, పశువుల పాక కట్టడానికి, కుర్చీలు మోయడానికి మనకు యువత కావాలి. వాళ్లకు ఒక సందేహం ఉంటే కూర్చుని వినేవారు ఎవరు? 2018లో యువత గురించి పీఠాధిపతుల సినడు (మహాసభ) జరిగాక ఫ్రాన్సిస్ పాపుగారు 2019లో రాసిన లేఖలో, యువత శ్రీసభకు దూరం కావడానికి కారణాలు చెబుతూ కుంభకోణాలతో పాటు, సరిగా సిద్ధం చేయని ప్రసంగాలను, సంఘంలో యువతకు ఏ చొరవా లేని పాత్ర ఇవ్వడాన్ని కూడా చేర్చారు. 2021 నుంచి ఏటా క్రీస్తురాజు పండుగనాడు మేత్రాసనాల్లో యువజన దినం జరుపుకుంటున్నాం. కేకు కోసి శాలువాలు కప్పి ముగించే బదులు, ఆ పూట పెద్దలు కింద కూర్చుని పిల్లలు మాట్లాడితే ఎలా ఉంటుందో మీ వారు సంఘంలో అడిగి చూడవచ్చు.

ఆ లేఖలోనే యువతకు తోడుగా నడిచే పెద్దలు ఎలా ఉండాలో యువతే చెప్పిన మాటలు ఉన్నాయి: తీర్పు తీర్చకుండా వినేవారు కావాలి, తమ లోపాలు ఒప్పుకునేవారు కావాలి, వెంట ఈడ్చుకుపోకుండా పక్కన నడిచేవారు కావాలి. తల్లిదండ్రులు ఈ పని పూర్తిగా చేయలేరు, మీ ప్రేమలో భయం కలిసి ఉంటుంది కాబట్టి. హైదరాబాదు విచారణల్లో యువత బృందాలున్నాయి, జీసస్ యూత్ వంటి ఉద్యమాలున్నాయి, ప్రశ్నలకు కంగారుపడని గురువులు, సిస్టర్లు ఉన్నారు. అలాంటి ఒకరి పేరు మీకు తెలిస్తే, ఆమె అడిగినప్పుడు ఒక్కసారి చెప్పి వదిలేయండి. వెళ్లావా అని మళ్లీ అడగవద్దు. ఇదంతా చేశాక కూడా ఆమె నమ్మలేకపోతున్నానని అనవచ్చు, అది ఏళ్ల తరబడి సాగవచ్చు. అప్పుడు కూడా క్రిస్మస్‌కు ఇంటికి రావడానికి ఆమెకు జంకు ఉండకూడదు.

ఇక ఈ వారంలో చేయవలసింది ఒక్కటే. ఫీజు గడువులోపు కట్టేయండి. కట్టానని ఆమెకు ఫోను చేసి చెప్పేది మీరు కాకుండా మీ వారైతే మంచిది. మాట్లాడటం మానేసిన మనిషికి మళ్లీ మొదలుపెట్టడానికి అంతకన్నా సులువైన మాట దొరకదు, పూజ ప్రస్తావన ఆ ఫోనులో తేకపోతే చాలు.