పక్కింటివారు యూదులైతే

“న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్నాం. రెండు పక్కలా యూదుల కుటుంబాలే. శనివారం ఫోను చేస్తే ఎత్తరు. గృహప్రవేశం నాడు మిఠాయి ఇవ్వబోతే నవ్వి వద్దన్నారు. మనమంటే గిట్టదా?” అని ఈ మధ్యే వచ్చిన ఒక జంట అడిగారు.

గిట్టకపోవడం కాదు, కంగారు పడకండి. యూదులు ఎక్కువగా ఉండే హైలాండ్ పార్క్ ఊరి పక్కన చాలా ఏళ్ళుగా ఉంటున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. వాళ్ళు మంచితనాన్ని ఆ పూట మనసు ఎలా ఉంటే అలా అని వదిలేయరు. దానికి వేళ, కొలత, పద్ధతి పెట్టుకున్నారు. మన ఊళ్ళో ఆ పని మేనత్తలూ పెదనాన్నలూ చూసుకునేవారు, ‘ఫలానా వాళ్ళింటికి వెళ్ళి పలకరించి రా’ అని తరిమేవారు. ఇక్కడ మనల్ని తరిమేవారు లేరు. అందుకే వారి పద్ధతులు కాస్త తెలుసుకోమంటాను.

ముందు శనివారం సంగతి. వారి వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం చుక్కలు పొడిచేదాకా ఉంటుంది. దీపాలు మాత్రం అస్తమయానికి 18 నిమిషాల ముందే వెలిగించేస్తారు. నిష్ఠగా పాటించేవారు ఆ వేళల్లో నిప్పు రాజేయరు, స్విచ్చి ముట్టరు, కారు నడపరు. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. మీ ఆఫీసులో యూదు సహోద్యోగి శుక్రవారం మూడింటికే లేచి వెళ్ళిపోతే ముఖం చిట్లించకండి. ఆ మధ్యాహ్నం మీటింగు పెట్టకపోతే ఇంకా మంచిది.

ఒక శుక్రవారం రాత్రి మా పక్కింటి పెద్దాయన తలుపు తట్టారు. కాలింగ్ బెల్ ఉన్నా నొక్కలేదు. “మా ఇంట్లో బాగా చీకటిగా ఉందండీ” అన్నారు. అంతే, ఇంకేమీ అడగలేదు, కదలకుండా నిలబడ్డారు. సబ్బాతు నాడు లైటు వెయ్యమని ఇంకొకరికి చెప్పకూడదు, ఉన్న సంగతి మాత్రం చెప్పవచ్చు. నేను చెప్పులేసుకుని వెళ్ళి పడిపోయిన బ్రేకర్ పైకి ఎత్తి వచ్చాను. మీ తలుపూ ఎప్పుడో ఒకప్పుడు అలా తడతారు. ‘అయితే నన్నేం చెయ్యమంటారు?’ అని మాత్రం అడగకండి.

ఇక మిఠాయి. మీ గులాబ్ జామూన్‌లో మాంసం లేదు, నిజమే. కానీ అది వండిన గిన్నె, పొయ్యి వారి ఆహార నియమం ప్రకారం కోషర్, అంటే శుద్ధమైనవి, కావు. మేకపిల్లను దాని తల్లి పాలలో ఉడికించకూడదని వారి ధర్మగ్రంథమైన తోరాలో మూడుచోట్ల ఉంది. దాన్నిబట్టే పాలకూ మాంసానికీ గిన్నెలు, చెంచాలు, తువ్వాళ్ళు కూడా వేరుగా పెట్టుకుంటారు. అమ్మమ్మ మడి వంట చూసినవారికి ఇదేమీ విడ్డూరం కాదు. కోయని పండ్లో, కోషర్ ముద్ర ఉన్న సీలు తీయని డబ్బానో తీసుకెళ్ళండి, సంతోషంగా పుచ్చుకుంటారు.

ఆ ముద్ర విషయంలో మన శాకాహారులు పొరబడతారు. వృత్తంలో ‘యు’ అక్షరం ఉంటే కోషర్, పక్కన ‘డి’ ఉంటే పాల సంబంధం, ‘పారెవ్’ అని ఉంటే పాలూ మాంసమూ రెండూ లేవని. అంతవరకే. పారెవ్‌లో గుడ్డు ఉండవచ్చు, చేప కూడా ఉండవచ్చు, ఎందుకంటే వారి లెక్కలో చేప మాంసం కాదు. కాబట్టి ముద్ర చూసి ఊరుకోకుండా డబ్బా వెనక చిన్న అక్షరాలూ చదవండి.

ఇల్లు కొన్నామన్నారు కనుక మరొకటి. తోరాలోని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టేవాడు డాబాకు పిట్టగోడ కట్టాలని, లేకపోతే ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటికి చుట్టుకుంటుందని ఉంది. ఆ వాక్యం పట్టుకునే, తాల్ముదు అనే ధర్మచర్చల గ్రంథంలో పండితులు ఇంట్లో కరిచే కుక్కనూ, కదిలే నిచ్చెననూ ఉంచుకోకూడదన్నారు. న్యూజెర్సీ ఇళ్ళకు డాబాలు ఎక్కడివి? ఇక్కడ ఆ పిట్టగోడ మీ ఇంటి ముందు కాలిబాట. మంచు పడ్డాక మన పార వారాంతం దాకా గరాజ్‌లోనే ఉంటుంది. పక్కాయన పొద్దున్నే తన ముందు ఊడ్చి, ఉప్పు చల్లి, మన ముందు కూడా నాలుగడుగులు ఊడ్చి పోతాడు. ఊళ్ళ నిబంధనలూ, జారిపడినవారి దావాలూ తర్వాత సంగతి. రేపు పొద్దున మీరే ముందు లేవండి.

వారింట్లో ఎవరైనా పోతే ఏడు రోజులు ‘షివా’ కూర్చుంటారు. పూలు పంపకండి, కోషర్ భోజనం తెప్పించండి. తలుపు సాధారణంగా తీసే ఉంటుంది, నేరుగా లోపలికి వెళ్ళవచ్చు. వెళ్ళి కూర్చోండి, దుఃఖంలో ఉన్నవారు మాట్లాడేదాకా మీరు మాట్లాడకండి. బైబిలులో అన్నీ పోగొట్టుకున్న యోబు మిత్రులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నోరెత్తకుండా కూర్చున్నారు కదా, ఆ మర్యాద అక్కడిదే. ‘ఎలా పోయారు? ఏ ఆస్పత్రి?’ అన్న మన పరామర్శకు అక్కడ చోటు లేదు. ఏటేటా తిథి కూడా పెడతారు, మనలాగే చాంద్రమానం ప్రకారమే. వారి పంచాంగంలో 19 ఏళ్ళకు 7 సార్లు అధికమాసం వస్తుంది. మనకూ అధికమాసం ఉందని నేను చెబితే మా పక్కింటి పెద్దాయన మన పంచాంగం తెప్పించుకుని ఒక సాయంత్రమంతా తిరగేశారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయంటే మరీ ఆశ్చర్యపోయారు.

పరిచయమైన మొదటివారమే ఇజ్రాయెల్ రాజకీయాలు ఎత్తకండి. నిష్ఠాపరులైన ఆడవారికి మగవారు, మగవారికి ఆడవారు కరచాలనానికి చెయ్యి చాచకండి. మన నమస్కారం ఉండగా ఇబ్బందేమిటి?

డబ్బు విషయంలోనే వారి దగ్గర మనం నేర్చుకోవలసింది ఎక్కువ. అవసరంలో ఉన్న తనవాడికి ఇచ్చిన అప్పుమీద వడ్డీ తీసుకోకూడదని తోరాలోని నిర్గమకాండము చెబుతుంది. దాన్ని పట్టుకుని 1892లో న్యూయార్క్‌లో వడ్డీలేని అప్పుల సంఘం పెట్టారు, ఓడ దిగిన వలసదారులకు కుట్టుమిషనుకో తోపుడుబండికో పెట్టుబడి దొరకడానికి. అది నేటికీ నడుస్తోంది. 12వ శతాబ్దంలో మైమోనిడెస్ అనే యూదు పండితుడు దానానికి ఎనిమిది మెట్లు కట్టి, ఎదుటివాడు ఇక చెయ్యి చాచనక్కరలేకుండా పనో, భాగస్వామ్యమో, అప్పో ఇవ్వడాన్ని అన్నిటికన్నా పైన పెట్టాడు. మనం గుడికి విరాళం ఘనంగా ఇస్తాం. ఉద్యోగం పోయి వీసా గడువు తరుముతున్న కుర్రవాడి బయోడేటా మాత్రం నాలుగు రోజులు ఫోనులోనే ఉంటుంది.

‘గెమాఖ్’ అని వారిలో ఇంకొక ఏర్పాటు ఉంది. ఒకరింట్లో ఊయలలు, ఇంకొకరింట్లో చక్రాల కుర్చీలు, మరొకరింట్లో పెళ్ళిబట్టలు. కావలసినవారు పట్టుకెళ్ళి వాడుకుని తిరిగి ఇస్తారు, అద్దె ఉండదు. మీ కాలనీలో తెలుగువాళ్ళు బాగానే ఉంటే, చలికోట్లు, పెద్ద సూట్‌కేసులు, పిల్లల మంచాలతో మీరూ మొదలుపెట్టవచ్చు. కారులో పిల్లల సీట్లు మాత్రం ఆ జాబితాలో చేర్చకండి. వాటికి గడువు తేదీ ఉంటుంది, ప్రమాదానికి గురైన సీటు పైకి బాగానే కనిపించినా పనికిరాకపోవచ్చు.