కెనరా బ్యాంకు పెట్టింది నిజంగా ఒక లాయరేనా? లాయరుకి బ్యాంకు పెట్టాల్సిన అవసరమేంటి?

లాయరే. పేరు అమ్మెంబాళ్ సుబ్బారావు పై. ఆంధ్రా బ్యాంకు పెట్టిన పట్టాభి గారు డాక్టరైతే ఈయన ప్లీడరు. కెనరా బ్యాంకులో క్లర్కుగా చేరి ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను కాబట్టి మీ రెండో ప్రశ్నకి నాకు తెలిసింది చెబుతాను.

1852లో మంగళూరు దగ్గర ముల్కిలో పుట్టారు, మద్రాసులో లా చదివి మంగళూరులో ప్రాక్టీసు పెట్టారు. అందరూ ఈయన్ని ముందు బ్యాంకరు, తర్వాత దాత అనుకుంటారు గానీ జరిగింది తిరగేసి. 1891లో కెనరా హైస్కూలు పెట్టారు, మూడేళ్లకే, అంటే 1894లో, ఆడపిల్లల కోసం ఇంకో బడి. ఆ రోజుల్లో ఆడపిల్లని బడికి పంపడానికి ఎంతమంది తల్లిదండ్రులు ఒప్పుకుని ఉంటారో ఆలోచించండి, నాకైతే బ్యాంకు కంటే ఇదే పెద్ద పని. బ్యాంకు వచ్చింది 1906 జూలై 1న, అదీ 'కెనరా హిందూ పర్మనెంట్ ఫండ్' అనే పేరుతో. మద్రాసు ప్రెసిడెన్సీలో అప్పటికే ఇలాంటి ఫండ్‌లు నడుస్తున్నాయి, నలుగురూ తలా కొంత వేసుకుని, అందులోంచి అవసరమైనవాళ్లకి అప్పిచ్చుకునే పద్ధతి.

మా బ్రాంచిలో వ్యవస్థాపక సూత్రాల బోర్డు ఉంది. చేరిన కొత్తలో కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు చదివి ఆశ్చర్యపోయాను. మొదటిది మూఢనమ్మకాలు, అజ్ఞానం పోగొట్టడం, రెండోది అందుకోసం అందరికీ చదువు అందించడం. పొదుపు అలవాటు చేయడం మూడోది! బ్యాంకు గోడ మీద డబ్బు మాట మూడో వరుసలో రావడం ఇంకెక్కడా చూడలేదు. మీ ప్రశ్నకి నా జవాబు అదే: చదువుకున్నవాడి చేతిలో నాలుగు రూపాయలు లేకపోతే వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కక తప్పదు, ఆ అప్పుల గొడవలు చివరికి ఎక్కేది కోర్టు మెట్లే, లాయరుకి అవి రోజూ కనబడతాయి.

1909లోనే పోయారు. 'కెనరా బ్యాంకు' అనే పేరు 1910లో వచ్చింది, ఆయన చూడలేదు. ఏటా నవంబర్ 19న, ఆయన పుట్టినరోజున, ఫోటోకి దండ వేస్తాం. విద్యాజ్యోతి పథకం కింద ఎస్సీ, ఎస్టీ ఆడపిల్లలకి స్కాలర్‌షిప్పులు కూడా ఇస్తాం. ఒకసారి ఒక పాప తన పేరు మీద వచ్చిన పాస్‌బుక్కు తెరిచి, వాళ్లమ్మకి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివి వినిపించింది. ఆ బ్యాంకు ఉద్యోగిగా నేను గర్వపడ్డ రోజు అది.