బ్లాక్‌చెయిన్ సర్టిఫికెట్ కనబడకుండా పోయింది, ఏం చేయాలి?

ప్రశ్న: బి.ఫార్మసీ చదివాను. అమ్మ గాజులు తాకట్టు పెట్టి, రూ.1,40,000 కట్టి హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్ కోర్సు చేశాను. 2024 జనవరి 20న మెయిల్‌లో 'బ్లాక్‌చెయిన్ సర్టిఫికెట్' పంపారు. బ్లాక్‌చెయిన్ అంటే అనేక కంప్యూటర్లలో ఒకేసారి భద్రపరిచే ఉమ్మడి రికార్డు అని, అందులో సర్టిఫికెట్ జీవితాంతం ఉంటుందని, ఎవరైనా క్యూఆర్ కోడ్‌తో సరిచూసుకోవచ్చని చెప్పారు. 2025 మే నెలలో ఒక కంపెనీ ఉద్యోగం ఇచ్చి, సర్టిఫికెట్ ధ్రువపడలేదని వెనక్కి తీసుకుంది. ఆరు నెలలుగా సంస్థవాళ్లు 'సరిచేస్తాం' అంటూ తిప్పుతున్నారు. ఇంట్లో ముఖం చూపించలేకపోతున్నాను. బ్లాక్‌చెయిన్‌లో ఉన్నదాన్ని ఎవరూ చెరపలేరు కదా, కంపెనీపై కేసు వేయవచ్చా? రూ.5,000 ఇస్తే అదే సర్టిఫికెట్‌ను కొత్తగా చెయిన్‌లో ఎక్కిస్తానని ఒక మిత్రుడు అంటున్నాడు. చేయించుకోవచ్చా?

జవాబు: కంపెనీని వదిలేయండి. పత్రాలు సరిచూసుకోవడం వాళ్ల హక్కు. మీ కేసు శిక్షణ సంస్థపైనే. దానికి ఆధారం మీరు జతచేసిన స్క్రీన్‌షాట్‌లోనే ఉంది, మీరు చదవలేదు. క్యూఆర్ కోడ్ కింద ఉన్న లింకు 'ముంబై' అన్న మాటతో మొదలవుతోంది. అది ఊరి పేరు కాదు. పాలిగాన్ అనే బ్లాక్‌చెయిన్‌కు ఉండిన పరీక్షా నెట్‌వర్క్ పేరు. ప్రోగ్రామర్లు తమ పనిని పరీక్షించుకునే చోటు అది. అక్కడ వాడే డిజిటల్ నాణేలకు విలువ లేదు, ఉచితంగా ఇచ్చేవారు. 2024 ఏప్రిల్‌లో దాన్ని మూసేశారు. అంటే శాశ్వతం అని చెప్పి మీ సర్టిఫికెట్‌ను పలకమీద సుద్దతో రాశారు. మూడు నెలలు తిరగకముందే పలక తుడిచేశారు. ఈ కేసును తేల్చేది ఈ ఒక్క అంశమే: మాట ఇచ్చిన సేవ వేరు, అందించింది వేరు.

అసలు నెట్‌వర్క్‌లో రాసి ఉన్నా బ్లాక్‌చెయిన్ చెప్పేది కొంతే: ఫలానా సమయానికి ఈ ఫైలు ఉంది, ఆ తర్వాత మారలేదు అని. ఎవరు ఇచ్చారో, ఇచ్చే అర్హత వాళ్లకు ఉందో లేదో అది చెప్పదు. సీబీఎస్‌ఈ పత్రాలను కూడా బ్లాక్‌చెయిన్‌లో పెట్టారు. అయితే వాటికి విలువ బోర్డు వల్ల వచ్చింది, చెయిన్ వల్ల కాదు. మీ స్క్రీన్‌షాట్‌లో సంస్థ పేరు ఉండాల్సిన చోట 42 అక్షరాల వాలెట్ చిరునామా (బ్లాక్‌చెయిన్‌లో ఖాతా నంబరు లాంటిది) మాత్రమే ఉంది. ఐటీ చట్టం కింద లైసెన్సు ఉన్న సంస్థ జారీచేసే డిజిటల్ సంతకం అది కాదు. ఆ వాలెట్ ఎవరిదో వేరే ఆధారాలతో మీరే రుజువు చేయాలి.

ఇక్కడ మిమ్మల్ని మందలించక తప్పదు. సర్టిఫికెట్‌ను ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, దాన్ని స్కాన్ చేసి, అసలు ఫైలును ఫోనులోంచి తీసేశానని రాశారు. ఫైలులో ఒక్క చుక్క మారినా దాని హాష్ (ఫైలు నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్) మొత్తం మారిపోతుంది. ఆ స్కాన్ కాపీ ఏ రికార్డుతోనూ సరిపోలదు. లామినేషన్ చేసిన అట్ట గోడకు పనికొస్తుంది, కోర్టుకు కాదు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. అందులో ఫైలు హాష్ రాయాలి, రెండో భాగంపై నిపుణుడు సంతకం చేయాలి. అసలు ఫైలు లేకుండా ఏ హాష్ రాస్తారు?

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. నష్టం తెలిసింది మే 2025లో కాబట్టి అప్పటినుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు. కానీ ఆ వాదన మీద ఆధారపడకండి. సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ నుంచే లెక్కవేసుకుని 2026 జనవరి 19 లోపు ఫిర్యాదు దాఖలు చేయండి. వాట్సాప్‌లో మీరు ఎన్నిసార్లు గుర్తుచేసినా గడువు ఒక్క రోజు కూడా పెరగదు. ఆరు నెలలు అలాగే పోగొట్టుకున్నారు.

మీ మిత్రుడి సలహా జోలికి వెళ్లకండి. సంస్థ పేరుతో కొత్త రికార్డు సృష్టించడం ఫోర్జరీ. మోసగించే ఉద్దేశంతో చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336 కింద ఏడేళ్ల వరకు జైలు. దాన్ని నిజమైనదిగా చూపించినవారికీ సెక్షన్ 340 కింద అదే శిక్ష. పైగా ఆ రికార్డు మీద ఈ నాటి తేదీ, సమయం పడతాయి. వాటిని మీరు చెరపలేరు. ఇప్పుడు మీరు బాధితురాలు. అది చేయించుకున్న మరుక్షణం ముద్దాయి.

స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. జవాబు కోసం ఆగకుండా, మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఫిర్యాదు వేయండి. చెల్లించిన మొత్తం రూ.5 లక్షలు దాటలేదు కాబట్టి ఫీజు లేదు. రసీదు మీద భాగస్వాముల పేర్లున్నాయి, వారందరినీ ప్రతివాదులుగా చేర్చండి. 'విద్య సేవ కాదు' అని వాళ్లు తప్పక అంటారు. యూనివర్సిటీల విషయంలో ఆ వివాదం సుప్రీంకోర్టు ముందు ఉంది. కానీ మీది యూనివర్సిటీ కాదు, రుసుము తీసుకుని శిక్షణ ఇచ్చే సంస్థ. కోచింగ్ సంస్థలు విద్యాసంస్థలు కావని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో చెప్పింది. ఫీజు, వడ్డీ, నష్టపరిహారం అడగండి. గాజుల తాకట్టు రసీదు, ఉద్యోగ నియామక పత్రం, 'జీవితాంతం' అని అచ్చయిన బ్రోచరు జతచేయండి. ఉద్యోగ ప్రయత్నాల కోసం, కోర్సు తేదీలు, హాజరు రాసి సంతకం చేసిన కాగితం సంస్థనుంచి ఇప్పించాలని అదే ఫిర్యాదులో కోరండి.

ఇవన్నీ తర్వాత. ఈ రాత్రే ఆ పాత మెయిల్ వెతకండి. 2024 జనవరి 20 నాటి ఆ మెయిల్‌కు జతచేసిన ఫైలు ఇంకా ఉంటే దించి, పేరు మార్చకుండా, తెరిచి సేవ్ చేయకుండా ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పక్కన పెట్టండి. వాట్సాప్ సందేశాలున్న పాత ఫోనును అమ్మకండి.