తిరుపతి, చిత్తూరు వైపు పిల్లలు ఇంజినీరింగ్‌కే ఎందుకు మొగ్గుతారు?

నిజానికి ఈ నిర్ణయం పదో తరగతి అయిపోగానే జరిగిపోతుంది. ఎంపీసీలో చేరారంటే ఇక తర్వాతి మాట ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్టే. ఆపైన లాగేది ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వమే ఫీజు భరించడం. అది ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటుకే, మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రాదు. చాలా ఇళ్లలో లెక్క తప్పేది ఇక్కడే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలుండే బెంగళూరు దగ్గర కావడం ఇంకో ఆకర్షణ, అందుకే ఎక్కువమంది మొదటి ఆప్షన్ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్). పక్కనే ఉన్న పారిశ్రామికవాడ శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకూ పని ఉంటుందన్న సంగతి ఆప్షన్లు పెట్టేటప్పుడు ఎవరికీ గుర్తురాదు! పిల్లవాడికి నిజంగా ఇష్టముందా అన్నది లెక్కల దగ్గర తేలుతుంది. ఈఏపీసెట్‌లో 160 మార్కులకు గణితమే 80, ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలోనూ కాలిక్యులస్ వదలదు. లెక్కలంటే విసుగున్నవాళ్లకు బ్యాక్‌లాగులు (తప్పి మిగిలిపోయే సబ్జెక్టులు) ఎక్కువగా మొదలయ్యేది ఆ గణితం పేపర్లోనే.